పిరీ రెయిస్ పటం మీద రాసి ఉన్న మాటలు

ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరు నాకు ఆ వీడియో పంపుతూనే ఉంటారు. ఈసారి పంపినవాడు మా మేనల్లుడు. 1513లో ఒక తుర్కీ నావికుడు గీసిన ప్రపంచ పటంలో అంటార్కిటికా తీరం ఉన్నదనీ, అది కూడా మంచు కప్పకముందు నాటి తీరమనీ, కాబట్టి వేల ఏళ్ల కిందటే ఏదో అజ్ఞాత నాగరికత భూమినంతటినీ కొలిచి ఉండాలనీ అందులోని గొంతు ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంది. "మామయ్యా, నువ్వు సర్వే ఉద్యోగం చేసినవాడివి కదా, ఇది నిజమేనంటావా?" అని అడిగాడు. "కాదురా" అని ఒక్క ముక్కతో తేల్చెయ్యబుద్ధి కాలేదు. ఆ పటాన్ని ఫ్లెక్సీలు వేసే దుకాణంలో అసలు కొలతకు దగ్గరగా ముద్రింపించి, భోజనాల బల్ల మీద పరిచి, దాని మీది రాతల అనువాదం పక్కన పెట్టుకుని, ఒక ఆదివారమంతా భూతద్దంతో కూర్చున్నాను.

అసలు పటం జింక చర్మం మీద గీసినది. దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు, 60 పైచిలుకు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 1929లో ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజప్రాసాద గ్రంథాలయంలో పాత ప్రతుల జాబితా తయారుచేస్తున్న జర్మన్ పండితుడు గుస్తాఫ్ అడాల్ఫ్ డైస్మన్ కంట పడింది. అదేమిటో గుర్తించినవాడు ప్రాచ్య భాషల పండితుడు పాల్ కాలె. గీసిన మనిషి పేరు, ఊరు, సంవత్సరం పటం మీదే ఉన్నాయి. పిరీ రెయిస్ అనే ఉస్మానీ నావికుడు గలీపొలిలో హిజ్రీ 919లో, అంటే క్రీ.శ. 1513లో, దీనిని పూర్తిచేసి, నాలుగేళ్ల తరువాత ఈజిప్టులో సుల్తాన్ మొదటి సలీముకు సమర్పించాడు. ఇందులో ఇంతవరకు రహస్యమేమీ లేదు.

వీడియోలు చేసేవాళ్లు చదవనిది పటం మీది రాత. తన పటానికి ఆధారాలేమిటో పిరీ రెయిస్ తానే వివరంగా రాశాడు. సుమారు ఇరవై పటాలను చూశానని, వాటిలో అరబ్బులు 'జాఫరియ్యా' అని పిలిచేవి ఎనిమిదని, హింద్ దేశానిది ఒక అరబ్బీ పటమని, హింద్, సింద్, చీనా దేశాలను చూపుతూ పోర్చుగీసు వారు కొత్తగా గీసినవి నాలుగని, పడమటి దిక్కుకు కొలంబస్ గీసిన పటం ఒకటని, వీటన్నింటినీ ఒకే కొలతకు తెచ్చి కలిపానని చెప్పాడు. ఇంత నిజాయితీగా ఆధారాలు చెప్పిన నక్షాలను నా ఉద్యోగ జీవితంలో నేను ఎక్కువ చూడలేదు. అయితే ఆ జాఫరియ్యాలు అలెగ్జాండరు కాలం నాటివని ఆయన రాసిన మాటను పట్టుకునే, అంతకన్నా పాతదైన మహా విజ్ఞానమేదో ఉన్నదని కథ అల్లారు. చరిత్రకారులు ఇచ్చే వివరణ చాలా సాదాగా ఉంటుంది. క్రీ.శ. రెండో శతాబ్దపు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీనీ, అలెగ్జాండరు సేనాని టాలెమీనీ ఆ రోజుల్లో ఒకరిగానే పొరబడేవారు. జాఫరియ్యా అన్నది 'జియోగ్రఫియా'కు వచ్చిన అపభ్రంశ రూపం. ఆ టాలెమీ మన కృష్ణా తీరాన్ని మైసోలియా అన్నాడు, నేటి ఘంటసాల అని భావించే రేవును పేర్కొన్నాడు, కానీ భారత ద్వీపకల్పాన్ని మాత్రం దాదాపు లేకుండా చదునుగా నొక్కేసి, లంకను ఎన్నో రెట్లు పెంచాడు. దేవతలో గ్రహాంతరవాసులో కొలిచి ఇచ్చిన లెక్క అలా ఉండదు.

భూతద్దంతో కరీబియన్ సముద్రం దగ్గరకు వస్తే విషయం ఇంకా తేటపడుతుంది. తూర్పు పడమరలుగా ఉండవలసిన హిస్పానియోలా ద్వీపం ఇక్కడ ఉత్తర దక్షిణాలుగా నిలబడి ఉంది, ఎందుకంటే జపాను తీరానికి చేరానని నమ్మిన కొలంబస్‌కు ఆనాటి పటాల్లోని జపాను ఆకారమే మనసులో ఉన్నది. క్యూబా ఒక ఖండపు అంచులా కనిపిస్తుంది. 1494 జూన్‌లో కొలంబస్ తన నావికులందరి చేతా అది ద్వీపం కాదు, ఖండమేనని ప్రమాణం చేయించి, మాట తప్పినవాడికి జరిమానాతో పాటు నాలుక కోత కూడా శిక్షగా పెట్టాడు. ఆయన మొండి నమ్మకం ఒక చర్మపు ముక్క మీద ఇరవై ఏళ్ల తరువాత కూడా చెక్కుచెదరకుండా ఉండడం నాకు అంటార్కిటికా కథ కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. కొలంబస్ స్వయంగా గీసిన ఆ పటం ఈనాడు లేదు. దాని నీడ ఇదొక్కటే కావచ్చునన్న ఆలోచనే కాలెను కదిలించింది.

ఇక అంటార్కిటికా అంటున్న దక్షిణపు మూల సంగతి. దక్షిణ అమెరికా తీరం కిందికి వస్తూ వస్తూ చర్మం అంచు దగ్గర తూర్పుకు తిరిగిపోతుంది. అది అంటార్కిటికాయే అయితే మధ్యలో దాదాపు 1,500 కిలోమీటర్ల తీరం మాయమైపోవాలి, రెండు ఖండాల మధ్య ఉన్న డ్రేక్ జలసంధి కూడా కనబడకూడదు. గ్రామ నక్షా కోసం పక్కపక్క ఎఫ్‌ఎంబీలను, అంటే ఒక్కొక్క సర్వే నంబరు కొలతల పటాలను, ఒకటిగా అతికేటప్పుడు కాగితం చాలక గట్టును కాస్త వంచి లోపలికి తెచ్చిన చేతులను నేను చూశాను. దక్షిణ అమెరికా తీరాన్ని చర్మంలో ఇమిడ్చేందుకు పిరీ రెయిస్ కూడా అదే పని చేశాడన్నది కొందరి వాదన. దక్షిణాన ఒక పెద్ద భూభాగం ఉండి తీరాలన్న పాత ఊహ ప్రకారం గీశాడన్నది మరికొందరి మాట. నాకు మొదటిదే నచ్చుతుంది, కానీ అది నా చేతి అలవాటు చెప్పించే మాట కావచ్చు. ఏదేమైనా ఆ తీరం పక్కన ఆయన రాసినది ఇది: ఈ దేశం పాడుబడి ఉన్నది, పెద్ద పాములున్నాయని చెబుతారు, చాలా వేడిగా ఉంటుందట, అందుకే పోర్చుగీసువారు ఇక్కడ దిగలేదు. అంటార్కిటికాలో పాములూ, వేడీనా!

మంచు లెక్క కూడా వాదాన్ని నిలబెట్టదు. తూర్పు అంటార్కిటికా మీది మంచు ఏర్పడడం మొదలై సుమారు 3.4 కోట్ల ఏళ్లయింది. కొలిచేందుకు మనిషే లేని కాలమది. పైగా ఆ మంచు బరువుకు కింది నేల అణగి ఉన్నది కాబట్టి, మంచు లేని రోజుల్లో తీరరేఖ ఇప్పుడు మంచు కింద దొరికే రేఖలా ఉండదు. 1956లో ఆర్లింగ్టన్ మాలరీ మొదలుపెట్టిన ఈ వాదాన్ని చార్లెస్ హాప్‌గుడ్ 1966లో పుస్తకంగా విస్తరించాడు. అమెరికా వైమానిక దళ అధికారి ఒకరు 1960లో ఆయనకు రాసిన ఉత్తరాన్నే ఈనాటికీ సాక్ష్యంగా చూపుతారు. ఆ ఉత్తరం ఆధారపడినది మంచు మీదుగా తీసిన భూకంప తరంగాల కొలతల మీద. ఒక వరుసలో తీసిన లోతులతో మొత్తం తీరరేఖ గీయలేమని గొలుసు పట్టిన కుర్రవాడికైనా తెలుస్తుంది.

ఇదే సందర్భంలో మేనల్లుడికి యేల్ విశ్వవిద్యాలయంలోని విన్‌లాండ్ పటం గురించి కూడా చెప్పాను, ఎందుకంటే అక్కడ కథ తిరగబడింది. 1957లో అమ్మకానికి బయటపడి, 1965లో కొలంబస్ దినోత్సవానికి ముందురోజు ఆర్భాటంగా ప్రకటించిన ఆ పటంలో గ్రీన్‌లాండుకు పడమరగా విన్‌లాండ్, అంటే కొలంబస్‌కు ముందే స్కాండినేవియాకు చెందిన నార్స్ నావికులు చేరారని చెప్పే ఉత్తర అమెరికా తీరం, ఉన్నది. తోలు పాతదే, కార్బన్ పరీక్షలో 1434 ప్రాంతానిదని తేలింది. సిరా మాత్రం కాదు. 1974లో రసాయన శాస్త్రజ్ఞుడు వాల్టర్ మెక్రోన్ అందులో టైటానియం డయాక్సైడ్ రూపమైన అనటేసును పట్టాడు. అది 1920ల తరువాతే పరిశ్రమల్లో తయారైంది. తరువాత దాదాపు యాభై ఏళ్లు వాదోపవాదాలు నడిచి, 2021లో యేల్ వారే అది నకిలీ అని ప్రకటించారు. వింత ఏమిటంటే, ఆ నకిలీ పటం చెప్పదలచిన సంగతి నిజమే: 1960లో న్యూఫౌండ్‌లాండులోని లాన్స్ ఓ మెడోస్ వద్ద నార్స్ వారి ఇళ్లు బయటపడ్డాయి, అక్కడి కలప 1021లో నరికినదని తేలింది.

అయితే పాత పటాల్లో నిజమైన చిక్కుముడి లేదని నేను అనను. పదమూడో శతాబ్దం చివర హఠాత్తుగా కనిపించే పోర్టొలాన్ సముద్ర పటాలు మధ్యధరా తీరాన్ని అంత చక్కగా ఎలా గీయగలిగాయన్నది పండితుల మధ్య ఇంకా తెగని వాదు. మధ్యయుగపు పనిముట్లతో అది సాధ్యం కాదనేవారూ ఉన్నారు. కానీ ఆ పటాలన్నీ అసలు ఉత్తరానికి దాదాపు 10 డిగ్రీలు ఎడమకు వాలి ఉంటాయి. ఆ కాలంలో ఆ సముద్రం మీద దిక్సూచి చూపిన తేడాకు అది సరిపోతుంది. ఈ వాలు చూసిన సర్వే మనిషికి దిక్సూచి పట్టుకుని ఓడ అంచున నిలబడినవాడే గుర్తొస్తాడు.

చివరికి పాములున్న మూలను ఫోటో తీసి, అనువాదం రాసి మేనల్లుడికి పంపాను. పటాన్ని చుట్టబోతూ మళ్లీ ఆగాను. కుడివైపు అంచు తిన్నగా లేదు. అక్కడితో పటం ముగియలేదు, చినిగిపోయింది. మిగిలినది పడమటి ముక్క మాత్రమే. ఒక అరబ్బీ పటాన్నీ నాలుగు పోర్చుగీసు పటాలనూ ఎదుట పెట్టుకుని పిరీ రెయిస్ గీసిన హింద్ తీరం, బహుశా కృష్ణా గోదావరుల ముఖద్వారాలు కూడా, ఆ పోయిన ముక్కలోనే ఉండి ఉండాలి.