పుట్టింట్లో దిగబెట్టి వచ్చాం

నాన్న పోయాక మా దేవుడి గూట్లోని సాలగ్రామానికి, అంటే విష్ణువుగా కొలిచే నల్లరాయికి, అభిషేకం ఆగిపోయింది. బాపట్లలో ఉన్నన్నాళ్ళూ ఆయన పొద్దున్నే మడి కట్టుకుని, పురుషసూక్తం చదువుతూ దాని మీద నీళ్ళు పోసి, ఆ తీర్థం మా చేతుల్లో వేసేవారు. నావేమో హైదరాబాదులో రాత్రి షిఫ్టులు. అభిషేకం వేళకి గుర్రుపెట్టి నిద్రపోతుంటాను. ఆడవాళ్ళు సాలగ్రామాన్ని తాకకూడదని మా ఇంటి ఆచారం. అందుకని అమ్మ ఎదురుగా పటికబెల్లం ముక్క పెట్టి, దూరం నుంచే దణ్ణం పెట్టుకునేది. "ఆయన్ని పస్తు పెడుతున్నాంరా" అని మాత్రం రోజూ అనేది.

ఏదైనా గుడికి ఇచ్చేద్దామంటే ఒప్పుకోలేదు. "ఎక్కణ్ణుంచి వచ్చాడో అక్కడే దిగబెట్టొద్దాం. ఎటూ ముక్తినాథ్ చూడాలని మీ నాన్నకి ఉండేది" అంది. సాలగ్రామాలు దొరికేది నేపాల్లోని కాళీ గండకి నదిలో, ముక్తినాథ్ గుడి ఆ లోయలోనే. అలా బయల్దేరాం, నేనూ అమ్మా, రాగి డబ్బాలో తులసిదళం మీద సాలగ్రామమూ.

గోరఖ్‌పూర్ దాకా రైలు, సునౌలీ దాకా జీపు, అక్కడ గేటు దాటితే నేపాల్. వాచీ పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోవాలి. మన వంద రూపాయలకి వాళ్ళవి నూట అరవై. ప్రతి కొట్లోనూ "ఐసీనా, ఎన్సీనా?" అని అడుగుతారు, అంటే మన రూపాయలా వాళ్ళ రూపాయలా అని. అమ్మ ప్రతి ధరనీ మన రూపాయల్లోకి మార్చే పని నాకు అప్పజెప్పింది.

పోఖరా నుంచి ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌కి చిన్న విమానంలో ఇరవై నిమిషాలు. పొద్దునపూటే తిరుగుతాయి, ఎండెక్కాక ఆ లోయలో గాలి మొదలైతే ఇక ఎగరలేవు. ఆ రోజు మబ్బు. పది దాకా కూర్చోబెట్టి, లేదు పొమ్మన్నారు. టికెట్ డబ్బులు వెనక్కి రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ గోల వేరే. చివరికి జీపు మాట్లాడుకున్నాం.

ఇప్పుడు ఆలోచిస్తే విమానం పోవడమే మంచిదైంది. బేనీ దాటాక దారి కాళీ గండకిని పట్టుకుని పైకి పోతుంది. తాతోపానీలో వేడినీటి ఊటలు, పేరుకి అర్థం కూడా అదే. రూప్సే జలపాతం తుంపర జీపు అద్దాల మీద పడింది. ఒక పక్క ధవళగిరి 8,167 మీటర్లు, ఇంకో పక్క అన్నపూర్ణ 8,091, మధ్యలో అట్టడుగున నది. కొండలు లేవకముందే ఈ నది ఉందట. అవి పెరుగుతున్నకొద్దీ కోసుకుంటూ పారిందట. రోడ్డు మాత్రం నడుములు విరగ్గొట్టేసింది. ఘాసా దాటాక పచ్చదనం తగ్గుతూ వచ్చింది. వానమబ్బుల్ని అన్నపూర్ణ అవతలే ఆపేస్తుంది కాబట్టి జోమ్‌సోమ్ చేరేసరికి అంతా బోడికొండలూ, దుమ్మూ, గాలీ.

రాత్రి ఆ లోయలోని థకాలీ తెగవాళ్ళ భోజనశాలలో అన్నం, పప్పు, ఆకుకూర, ముల్లంగి పచ్చడి పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి వద్దని సైగలతో చెప్పి, అమ్మ సంచీలోంచి నల్లకారం సీసా తీసింది. వంటావిడ కూడా చిటికెడు వేలితో రుచి చూసి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది.

మర్నాడు ముక్తినాథ్. 3,700 మీటర్ల పైన ఎత్తు. గుడి కిందున్న రాణీపౌవా ఊరి నుంచి ఇంకా పైకెక్కాలి. గుర్రం వద్దంది అమ్మ. మా డ్రైవరు కుర్రాడు పక్కనే నడుస్తూ "బిస్తారై, ఆమా, బిస్తారై" అంటున్నాడు. ఆమా అంటే అమ్మే. బిస్తారై అంటే మెల్లగా అని, పది మెట్లు ఎక్కేలోపు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

గుడి చిన్నది, పగోడా కప్పు. ఆళ్వారులు కీర్తించిన నూట ఎనిమిది విష్ణుక్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఒకటి, తిరుమంగై ఆళ్వార్ పాశురాలు పాడిన చోటు. లోపల శ్రీదేవీ భూదేవులతో స్వామి. బౌద్ధులకి ఆయనే కరుణామూర్తి అయిన బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుడు, పూజలో బౌద్ధ సన్యాసినులకీ భాగం ఉంది. గుడి వెనక అర్ధచంద్రాకారంలో నూట ఎనిమిది ఎద్దు తలల ధారలు. వాటి కింద తలపెట్టి పరిగెత్తాను. పదో ధారకి తల మొద్దుబారింది, ఇరవయ్యో ధార తర్వాత లెక్క మర్చిపోయాను. అమ్మ తెలివిగా ఒక్కొక్కదాని కిందా చెయ్యి పెట్టి నెత్తిన చల్లుకుంటూ పోయింది. కింద జ్వాలామాయి గుడిలో నీటి చప్పుడు పక్కనే నీలంగా చిన్న మంట. భూమిలోంచి వచ్చే గ్యాస్ అన్నాను. "అయితే ఏం?" అంది.

దారి పొడుగునా ఆడవాళ్ళు గుడ్డలు పరిచి సాలగ్రామాలు అమ్ముతున్నారు. కొన్ని పగలగొట్టి, లోపలి చక్రం కనబడేలా పెట్టారు. అవి కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు జీవుల గుల్లలనీ, ఇక్కడ ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం ఉండేదనీ అమ్మకి చెప్పాను. సూర్యలంక ఒడ్డున గవ్వలు ఏరుకుని పెరిగిన మనిషి. ఒక నిమిషం ఆలోచించి, "మత్స్యావతారం ఊరికే అన్నారా మరి" అంది.

తిరుగుదారిలో కాగ్‌బేనీలో ఆగాం. అక్కడ ఝోంగ్ ఏరు గండకిలో కలుస్తుంది, పితృకార్యాలు చేస్తారు. నాన్నకి పిండం పెట్టాను. గాలికి పిండి ఎగిరిపోతుంటే పురోహితుడు కండువా అడ్డం పెట్టాడు. నది అంటే నిండుగా ఉంటుందనుకున్నాను. కిలోమీటరు వెడల్పున బూడిదరంగు గులకరాళ్ళే కనబడ్డాయి. వాటి మధ్య నాలుగైదు పాయలు విడిపోయి మసినీళ్ళలా పారుతున్నాయి.

డబ్బా మూత తీసి అమ్మ వైపు చాపాను. "నువ్వే వెయ్యమ్మా."

"నేను తాకకూడదు కదరా."

"పుట్టింటికొచ్చాడుగా. ఇక్కడ మన ఇంటి ఆచారం ఏముంది?"

చాలాసేపు చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని, రెండు వేళ్ళతో తీసి అరచేతిలో పెట్టుకుంది. నలభై మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ రాయిని పట్టుకోవడం అదే మొదటిసారి. బొటనవేలితో అంచు చుట్టూ నిమిరింది. నాన్న రోజూ గంధం పెట్టిన చోట కాస్త నున్నగా అరిగి ఉంటుంది, వేలు అక్కడ ఆగింది.

"ఇంత బరువుంటుందా!" అంది.

వంగి నీళ్ళలో వదిలింది. నీళ్ళు మురికిగా ఉన్నాయి కాబట్టి మునిగినట్టే కనబడలేదు. చెయ్యి మాత్రం కాసేపు నీళ్ళలోనే ఉంచింది, నేను చలికి తిమ్మిరెక్కుతుందని లాగేదాకా.

దిగేటప్పుడు మర్ఫాలో ఎండు యాపిల్ ముక్కలు కొంది. కవరు చిరిగిపోతే వాటిని రాగి డబ్బాలో పోసి, మూత పెట్టి, ఇంటికి చేరేదాకా ఒళ్ళోనే పెట్టుకుంది.