కసి జాగారం

శివరాత్రి జాగారం ఏడాదికి ఒక్కసారి. దానికి పుణ్యమైనా వస్తుందంటారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో నడుస్తున్న జాగారం రోజువారీది, ఏ దేవుడి ఖాతాలోనూ పడనిది. రాత్రి పదకొండుకి ఇల్లు సద్దుమణుగుతుంది. పిల్లలు పడుకున్నారు, ఆఫీసు మెసేజీలు ఆగాయి, గిన్నెలు బోర్లించడం అయింది. కళ్ళు మండుతున్నా ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు. పొద్దుట్నుంచీ అందరికీ పంచిపెట్టగా మిగిలిన గంట ఇదొక్కటే, దీన్ని కూడా నిద్రకి ఇచ్చేయాలా అని మొండితనం. చూస్తుండగానే ఒంటిగంట. ఐదున్నరకి అలారం.

చైనావాళ్ళు దీన్ని 'పగబట్టి మేలుకోవడం' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు పని చేయించే '996' పద్ధతి అక్కడ పెద్ద గొడవ. 2021 ఆగస్టులో వాళ్ళ సుప్రీం పీపుల్స్ కోర్టే అది చట్టవిరుద్ధమని చెప్పింది. 'పగబట్టి మేలుకోవడం' అనే మాట 2020 జూన్‌లో డాఫ్నే కె. లీ అనే పాత్రికేయురాలి ట్వీట్‌తో బయటి ప్రపంచానికి పాకింది. తెలుగులో అయితే పగ కన్నా కసి అనడమే నయం. పగకి ఎదుటి మనిషి కావాలి. కసి ఎవరి మీదైనా తీర్చుకోవచ్చు, ఆఖరికి మన ఒంటి మీద కూడా.

ముందు ఒక తేడా చూసుకోవాలి. పడుకున్నా నిద్ర పట్టకపోవడం వేరే సంగతి. అది వారాల తరబడి సాగితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇక్కడ చెబుతున్నది అసలు పక్క ఎక్కకపోవడం గురించి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోర్ క్రూసె బృందం 2014లో దీని మీద రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: అడ్డేమీ లేకపోయినా, అనుకున్న వేళకి పడుకోకపోవడం.

మందు వెతికే ముందు మూడు రాత్రులు లెక్క రాయండి. ఫోన్లో కాదు, కాగితం మీద. ఖాళీగా కూర్చున్నది ఎన్నింటికి, మొదటి ఆవులింత ఎన్నింటికి, కావాలని చేస్తున్న పని (సినిమా, పుస్తకం, స్నేహితురాలితో కబుర్లు) ఆగిపోయి ఊరికే ఫోన్ తెరని వేలితో తోసుకుంటూ పోవడం మొదలైంది ఎన్నింటికి, లైటు ఆర్పింది ఎన్నింటికి. రెండు గంటల జాగారంలో నిజంగా మన సొంతమైంది అరగంటో ముప్పావుగంటో అని చాలామందికి ఈ కాగితమే చెబుతుంది. మిగతాదంతా లేవడానికి ఓపిక లేక గడిచిన సమయం.

అవును, పడుకోవడానికీ ఓపిక కావాలి. ఎందుకంటే పడుకునే ముందు చేయాల్సిన పనులు ఒక వరస ఉన్నాయి: పళ్ళు తోముకోవాలి, గ్యాస్ కట్టేయాలి, తలుపు గడియ పెట్టాలి, మినప్పప్పు నానబోయాలి, పాలు తోడుపెట్టాలి. అలసిపోయిన మనిషి వాయిదా వేసేది నిద్రని కాదు, ఈ వరసని. తోడు సంగతే చూడండి. తొమ్మిదిన్నరకి కాచిన పాలు మందపాటి గిన్నెలో పదిన్నరకి కూడా వేడిగానే ఉంటాయి. అవి చల్లారేదాకా అని ఫోన్ పట్టుకుంటే, పాలు ఎప్పుడో చల్లారిపోతాయి, మనం మాత్రం లేవం. పాలు ఎనిమిదికే కాచేయండి. ఆలస్యమైతే వెడల్పాటి పళ్ళెంలో చన్నీళ్ళు పోసి గిన్నె అందులో పెట్టండి. వేలు ముంచితే చురుక్కుమనకుండా వెచ్చగా తగిలినప్పుడు అర లీటరుకి ఒక చెంచా పెరుగు వేసి మూత పెట్టేయడమే. ఇలా వరసంతా తొమ్మిదిన్నరలోపు అయిపోవాలి, పళ్ళు తోముకోవడంతో సహా. ఆ తర్వాత మీ సమయం మొదలవుతుంది, అది అయ్యాక లైటు ఆర్పడం ఒక్కటే మిగులుతుంది. అన్ని చిట్కాల్లోనూ దీనికే నా ఓటు.

రేపట్నుంచి పదింటికే పడుకుంటానని ఒట్టు పెట్టుకునేవాళ్ళు మూడోరోజుకే ఎందుకు ఓడిపోతారో కూడా తెలియాలి. నిద్రని నడిపేవి రెండు: మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుని పెరిగే నిద్రభారం ఒకటి, ఒంట్లోని గడియారం రెండోది. నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో ప్రతిపాదించిన ఈ నమూనానే ఇప్పటికీ వాడుతున్నారు. రోజూ పడుకునే వేళకి ముందు ఒకటి రెండు గంటలు ఆ గడియారం మనల్ని గట్టిగా మేల్కొలిపి ఉంచుతుంది. తొమ్మిదికి తూగినవాళ్ళు పదకొండుకి హుషారు కావడంలో దీని పాత్ర ఉంది. ఒంటిగంటకి అలవాటు పడిన ఒంటిని పదకొండుకి పడుకోబెడితే సరిగ్గా ఆ హుషారులోకే పోయి పడుతుంది. గంటసేపు దొర్లి, విసుగొచ్చి, చేయి మళ్ళీ ఫోన్ మీదికి వెళుతుంది.

అందుకే ముందు లేచే వేళని కదలకుండా బిగించాలి, ఆదివారంతో సహా. పడుకునే వేళని రెండు మూడు రోజులకి ఒకసారి 15 నిమిషాలు ముందుకి జరపాలి. ఒంటిగంట నుంచి పదకొండుకి రావాలంటే ఎనిమిది జరుపుళ్ళు, అంటే సుమారు మూడు వారాలు. లేచాక 15-20 నిమిషాలు ఆరుబయట వెలుతురులో ఉండాలి. ట్యూబులైటు దీనికి చాలదు, డాబా మీదో బాల్కనీలోనో నిలబడి కాఫీ తాగినా సరే. ఆదివారం పదింటిదాకా పడుకుంటే వారమంతా జరిపినది వెనక్కి పోతుంది, ఆ రాత్రి పన్నెండుకి కూడా నిద్రభారం చాలదు.

టీ లెక్క కూడా వేసుకోండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరున్నరకి తాగిన టీలోది పదకొండున్నరకి ఇంకా సగం ఉంటుంది. ఆఖరి కప్పు మూడింటికి ఆపేయండి.

ఇక హైదరాబాదు ఐటీ ఇళ్ళ బాధ ప్రత్యేకం. అమెరికా పశ్చిమ తీరంలో పొద్దున 9 గంటల మీటింగు మనకి ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పగానే అదే మీటింగు పదిన్నరకి వచ్చి కూర్చుంటుంది, మార్చి రెండో ఆదివారం దాకా. రాత్రి పదకొండున్నరకి కాల్ ముగించినవాడిని వెంటనే పడుకోమనడం అన్యాయం. వాళ్ళ సొంత సమయం కాల్ తర్వాత కాకుండా కాల్‌కి ముందు ఉండాలి. ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాకా ఆఫీసు క్యాలెండర్లో బ్లాక్ చేసి కట్టేసుకోండి, నవంబరులోనూ ఆ వేళ మారకూడదు. కాల్ అయ్యాక మిగలాల్సింది ముఖం కడుక్కోవడమే.

ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి ఈ సలహా పనికిరాదు, వాళ్ళకి కట్టేసుకోవడానికి క్యాలెండరే లేదు. అక్కడ ఉన్న మార్గం పంపకం ఒక్కటే. వారంలో రెండు సాయంత్రాలు ఎనిమిది నుంచి తొమ్మిదిదాకా పిల్లలు, వంటిల్లు భర్తవి. మరో రెండు సాయంత్రాలు అవి భార్యవి, ఆ గంట భర్తది. ఆ గంటలో 'చపాతీ కర్ర ఎక్కడుంది?' అని అడిగితే ఆ గంట చెల్లదు. రాత్రి జాగారం మానమని భార్యకి చెప్పే మగవాళ్ళు ముందు ఈ గంట ఇచ్చి చూడాలి. ఇవ్వకుండా చెప్పే నీతులు దండగ.

నాలుగున్నర గంటలే అయినా గాఢంగా పడుతోంది కదా అనే ధీమా కూడా వద్దు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే వస్తుంది, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. అలారం కోసేది ఆ రెండోదాన్ని. పైగా, 2003లో అమెరికాలో 14 రోజులపాటు 4, 6 గంటల నిద్రతో జరిపిన ప్రయోగంలో ఏకాగ్రత రోజురోజుకీ పడిపోతూనే ఉంది, కానీ తాము అంతగా మత్తుగా ఉన్నామని అందులో పాల్గొన్నవాళ్ళకి అనిపించలేదు. అలవాటైపోయింది అనే మాటకి అర్థం ఇదే. బండి నడిపేవాళ్ళు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి: 17 గంటలు మేలుకున్నవాళ్ళ చురుకు కొన్ని పరీక్షల్లో రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోయింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 0.03. పొద్దున ఆరింటికి లేచినవాళ్ళకి 17 గంటలు రాత్రి పదకొండుకి నిండుతాయి.

జాగారం పూర్తిగా మానేయాలని నేననను. వారానికి ఒకటి ఉంచుకోండి, శుక్రవారమో శనివారమో. రోజూ పడుకునే వేళకన్నా గంట ఎక్కువ, ఆ ఒక్క మర్నాడు మాత్రం లేవడం గంటదాకా ఆలస్యం కావచ్చు, అంతకు మించకుండా. ఏం చూడాలో మాత్రం ముందురోజే తేల్చి పెట్టుకోండి. లేకపోతే ఆ గంటంతా ట్రైలర్లు చూడ్డానికే సరిపోతుంది.