మా గేదెను ఎలుగుబంటి అన్న కెమెరా

చేబ్రోలు దగ్గర మా పాకలో రెండు గేదెలు, ఒక జెర్సీ సంకర ఆవు ఉన్నాయి. ఆవును అమ్మ ‘ఎర్రది’ అంటుంది. గేదెలు ‘పెద్దది’, ‘పొగరుది’. పోయిన సంక్రాంతికి విజయవాడ గవర్నర్‌పేటలో ఒక కెమెరా కొని పాక దూలానికి బిగించాను. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, పశువుల ఆరోగ్యం కనిపెట్టే ప్రోగ్రాం నాకొక లెక్కా అనుకున్నాను.

మొదటి రాత్రే అది పొగరుదాన్ని ఎలుగుబంటి అంది. కాసేపటికి ఏనుగు అంది. నేను తెచ్చిపెట్టిన ఉచిత మోడల్, అంటే ఫొటోలో ఏముందో పోల్చి చెప్పే ప్రోగ్రాం, కోకో అనే ఫొటోల సేకరణను చూసి నేర్చుకున్నది. 2014లో వచ్చిన ఆ సేకరణలో 80 రకాల వస్తువులు, జంతువులు ఉన్నాయి. ఆవు ఉంది, గొర్రె ఉంది, జిరాఫీ కూడా ఉంది, గేదె మాత్రం లేదు. పాలంటే గేదె పాలే అనుకునే ఇంట్లో పెరిగినదాన్ని, కొంచెం రోషం వచ్చింది.

పెద్ద పెద్ద డెయిరీల్లో పాలు పితికాక ఆవులు సన్నని దారిలో ఒకదాని వెనుక ఒకటి నడిచి వెళతాయి. దారి పక్కన కెమెరా ఉంటుంది. నడకలో వెన్ను విల్లులా వంగినా, అడుగు అడుగుకూ తల ఊగినా గిట్టల్లో నొప్పి ఉందని అనుమానం. కుంటుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. నలుపు తెలుపు మచ్చలు ఏ రెండు ఆవులకూ ఒకేలా ఉండవు కాబట్టి ఏది ఏదో పోల్చుకోవడమూ తేలికే. మా ఎర్రది రోజంతా నడిచేది గుంజ నుంచి కుడితి తొట్టి దాకా, నాలుగు అడుగులు. చీకట్లో గేదెలు రెండూ ఒకటే నలుపు.

అందుకని ఒక్క పనికే దిగాను: ఎర్రది ఎంతసేపు పడుకుంటోంది? ఆవు రోజుకు 10 నుంచి 14 గంటలు పడుకోవాలి. ఒంట్లో బాగాలేకపోతే ఆ లెక్క తప్పుతుంది. ప్రోగ్రాంకు నేర్పడానికి వెయ్యి ఫొటోలకు కూర్చుని ‘పడుకుంది’, ‘నిలబడింది’ అని గుర్తులు పెట్టాను. తేడా కనిపిస్తే నా ఫోను మోగాలి. సాయంత్రం దోమలకు అమ్మ వేసే వేపాకు పొగ, కెమెరా ముందు సాలెగూడు, అర్ధరాత్రి పిల్లి, అన్నిటికీ నా ఫోను మోగేది. విసిగి ఆ మోతను ఆపేశాను.

ఆపిన వారానికే ఒక తెల్లవారుజామున అమ్మ ఎర్రదాని పొదుగు మీద చెయ్యి వేసి ఆగిపోయిందట. కుడివైపు వెనుక చన్ను గట్టిగా, వేడిగా ఉంది. మొదటి ధారలు అరచేతిలోకి పిండి చూస్తే పాలలో సన్నని పెరుగు తరకలు. పొదుగువాపు. పశువుల డాక్టరు వచ్చి మందు ఎక్కించాడు, ఎర్రది కోలుకుంది. విజయవాడలో కూర్చుని నేను అప్పుడు తెరిచాను రాత్రి లెక్క. రోజూ పది నుంచి నాలుగు లోపు నాలుగు గంటలైనా పడుకునేది ఆ రాత్రి గంటన్నర కూడా పడుకోలేదు. ఒంటిగంటకే తెలిసి ఉండేది, నేను మోత ఆపకపోతే.

అమ్మతో ఆ మాట చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు ఆరింటికి ఫోను: “అమ్మాయీ, రాత్రి ఎర్రది ఎన్ని గంటలు పడుకుంది?” అప్పటినుంచి రోజూ అదే ప్రశ్న. సాలెగూడు కూడా తనే దులుపుతోంది, చీపురుకు కర్ర కట్టి.

గేదెల ఫొటోలు ఇంకా తీస్తూనే ఉన్నాను. పొగరుది కెమెరాకు వీపు తిప్పి నిలబడుతోంది.