సుంకి ఘాట్ పైన పండుగ రాత్రి

నెలగంట పెట్టిన నాటి నుంచి మా ఊళ్లో రోజుల లెక్క మారిపోతుంది. బియ్యం ఎప్పుడు నానబెట్టాలి, అరిసెల పాకం ఏ రోజున పట్టాలి అని ఇంట్లో ఆడవాళ్లు ముందుకు లెక్కపెడుతూ ఉంటే, లారీ డ్రైవరు మాత్రం సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటాడు. ఈ లోడు ఎత్తితే ఏ తేదీకి ఖాళీ అవుతుంది, తిరుగు లోడు దొరకడానికి ఎన్నాళ్లు పడుతుంది, పండుగ నాటికి ఇంటి గుమ్మం తొక్కగలమా అని వేళ్లు మడుస్తూనే బండి నడుపుతాడు.

మాది విజయనగరం జిల్లాలో రామభద్రపురానికి దగ్గరి పల్లె. మా నాన్నగారు సాలూరు లారీల మీద ముప్పై ఏళ్లు విశాఖపట్నానికీ రాయపూర్‌కూ మధ్య తిరిగారు. ఆ దారికి ఇప్పుడు మా వైపు 26వ నంబరు వచ్చింది గానీ, మా ఇంట్లో దాని పేరు నేటికీ 43వ నంబరు రోడ్డే. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇంటికి పెద్దకొడుకును కనుక సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టవలసినవాణ్ణి నేనే. ఉత్తరాంధ్రలో పెద్ద పండుగ అంటే ముందుగా అదే. కొత్త బట్టలు, వండిన పదార్థాలు పెద్దల పేరున పెట్టి, వారి పేర్లు పలికి, దండం పెట్టుకున్న తరువాతే మిగిలినవారు విస్తళ్ల ముందు కూర్చుంటారు. భోగిమంటకు నేను లేకపోయినా పిల్లలు పిడకల దండలు వేసుకుంటారు. కానీ ఆ ఒక్క పూట నేను లేకపోతే ఇల్లు నా కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

2024 సంక్రాంతి సంగతి ఇక్కడ రాసి ఉంచాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ ఏడు భోగి జనవరి 14న, సంక్రాంతి 15న, కనుమ 16న వచ్చాయి. 2023 డిసెంబరు 29 సాయంత్రం పలాసలో జీడిపప్పు లోడు ఎత్తి ఢిల్లీకి బయలుదేరాను. చలికాలపు పెళ్లిళ్లకు అక్కడ పప్పు బాగా అమ్ముడుపోతుంది కనుక వ్యాపారులు తొందరపెడతారు. పలాస నుంచి నాతవలస దాకా 16వ నంబరు రహదారి, అక్కడి నుంచి విజయనగరం, సాలూరు, కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్, నాగపూర్ మీదుగా ఢిల్లీకి సుమారు 2,000 కిలోమీటర్లు. సరుకుతో పాటు బండిలో ఉండవలసిన ఇ-వే బిల్లు అనే జీఎస్టీ పత్రం లెక్కలో 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ప్రభుత్వం ఈ దూరానికి పది రోజులు ఇస్తుంది. సరుకు యజమాని ఇచ్చింది ఆరు రోజులు. నాలుగు రోజుల తేడాను డ్రైవరు తన నిద్రలోంచి తీసి ఇవ్వాలి. వెళ్లే దారి మా ఊరి మీదుగానే కనుక డిసెంబరు 30 తెల్లవారుజామున ఇంటి దగ్గర పది నిమిషాలు ఆగాను. మా అమ్మ అరిసెల పిండికి బియ్యం బాగుచేస్తోంది. పండుగకు వచ్చేస్తానని ఆమెతో అన్నాను.

జనవరి 1న మధ్యప్రదేశ్‌లో సివనీ దాటే సరికి రోడ్డు మీద బండ్లు నిలిచిపోయాయి. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమై, పోలీసులకు తెలపకుండా పారిపోతే డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష వేసే నిబంధన ఐపీసీ బదులుగా తెచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షనులో ఉందని తెలిసి, చాలా రాష్ట్రాలలో డ్రైవర్లు స్టీరింగు వదిలి దిగిపోయారు. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. నేను కూడా బండి పక్కకు తీసి రెండు రోజులు ఆగాను, ఆగినందుకు ఈ రోజుకూ బాధపడడం లేదు. దెబ్బ తగిలిన మనిషిని వదిలి పారిపోవడం తప్పు, అందులో నాకు సందేహం లేదు. అయితే తప్పు ఎవరిదైనా పెద్ద బండివాడిని ముందు కొట్టే జనం మధ్య నిలబడిన అనుభవం నాకు ఉంది. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా శిక్షను మాత్రమే పెంచితే గాయపడినవాడికి మేలు జరగదని నా నమ్మకం. 2వ తేదీ రాత్రి కేంద్ర ప్రభుత్వం రవాణా సంఘంతో మాట్లాడి, సంప్రదించకుండా ఆ నిబంధనను అమలు చేయబోమని చెప్పింది. 2024 జూలై 1న కొత్త సంహిత అమలులోకి వచ్చినప్పుడు కూడా ఆ ఉపసెక్షనును పక్కనే ఉంచారు.

ఆ రెండు రోజులు పోయిన తరువాత నా లెక్క తప్పింది. గ్వాలియర్ దాటాక చంబల్ నది దగ్గర నుంచి పొగమంచు గోడలాగా నిలబడి ఉంది. తెల్లవారిన తరువాత కూడా ముందు వెళ్లే బండి వెనుక దీపం పది గజాలలో మాయమయ్యేది. మంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. అందుకని డిమ్ము దీపాలతో, రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్లగీతను పట్టుకుని, అద్దం దించి చెవులతో కూడా రోడ్డును వింటూ నడపాలి. ఇంజను చప్పుడులో పక్క బండి హారను వినపడదని నాన్నగారు చలిలోనూ అద్దం ఎక్కించనిచ్చేవారు కాదు. 6వ తేదీకి ఢిల్లీ చేరాను, 8న ఖాళీ అయింది, 10వ తేదీ రాత్రికి విశాఖపట్నానికి తిరుగు లోడు దొరికింది. 14వ తేదీ లోపల సరుకు గోదాముకు చేరి తీరాలని పంపినవారు గట్టిగా చెప్పారు. ఒక్క డ్రైవరుతో మూడున్నర రోజులలో 1,900 కిలోమీటర్లు రావడం ఎట్లా అని అడిగితే, పండుగకు ఇంటికి వెళ్లాలని మీకు మాత్రం లేదా అన్నారు. ఆ మాట నన్ను చాలా నొప్పించింది. అప్పటికి అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని చెబుతుంది. ఆ చట్టాన్ని కాదని నన్ను తొందరపెట్టడానికి వారు నా పండుగనే వాడుకున్నారు.

నేను తొందరపడలేదు. 14వ తేదీ, అంటే భోగి రాత్రి, ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ దగ్గర పడుకున్నాను. 15వ తేదీ పొద్దున్న కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, పైన చెట్ల నీడ ఉన్న చోట బండి ఆపాను. ఇల్లు ఇంకా మూడు వందల కిలోమీటర్ల పైన ఉంది, సంక్రాంతి పూట దాటిపోతోంది. అమ్మకు ఫోను చేసి, ఈసారి తమ్ముడి చేత పెట్టించమని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తమ్ముడు ఇక్కడ పెడతాడు, నువ్వు అక్కడ పెట్టు నాయినా. అది మీ అయ్య ఎరగని రోడ్డేటి? అందుతాది" అంది.

నా క్లీనరు బొబ్బిలి వైపు కుర్రవాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయి. అతడు చిన్న గ్యాసు పొయ్యి మీద అన్నం, కందిపప్పు వండాడు. నేను బెల్లం వేసి పరమాన్నం చేశాను. బస్తర్‌లో సాల్ ఆకులతో విస్తళ్లు కుడతారు, రోడ్డు పక్క దుకాణంలో రెండు కొన్నాను. ముందు రోజు రాయపూర్‌లో కొన్న కొత్త పంచె, తువ్వాలు బంపరు ముందు పరిచిన గుడ్డ మీద పెట్టి, విస్తరిలో వడ్డించి, ఫోనులో అమ్మ చెబుతూ ఉంటే మూడు తరాల పేర్లు ఒక్కొక్కటే పలికాను. నాన్నగారి పేరు వచ్చినప్పుడు అమ్మ గొంతు ఆగింది, ఆ పేరు నేనే చెప్పుకున్నాను. ఈ మలుపులలో ఆయన ఎన్నిసార్లు బండి ఆపి నీళ్లు పోసుకున్నారో, ఏ చెట్టు కింద పడుకున్నారో నాకు తెలియదు. కానీ ఆ పూట పెద్దలకు పెట్టిన చోటు ఇంటి కన్నా ఆయనకు దూరమైనదని నాకు అనిపించలేదు. క్లీనరు కూడా చెప్పులు విడిచి పక్కన నిలబడి, తన తాతను తలుచుకున్నాడు.

మధ్యాహ్నం బయలుదేరి జగదల్‌పూర్, కోరాపుట్ దాటి రాత్రి పది గంటలకు పొట్టంగి చేరాము. అక్కడి నుంచి సుంకి ఘాట్ దిగితే సాలూరు, సాలూరు దాటితే మా ఊరు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ ఆ ప్రాంతంలోనే ఉంది, జనవరి రాత్రి అక్కడి చలి ఎముకలలోకి దిగుతుంది. కొండ అంచు నుంచి చూస్తే లోయంతా మంచుతో నిండి, రోడ్డు మొదటి మలుపులోనే కనబడకుండా పోయింది. నేను ఇంజను ఆపేశాను. "గురువు గారూ, గంటన్నరలో సాలూరు. ఇంత దూరం వచ్చీసి ఇక్కడ తొంగుంటామా?" అని కుర్రవాడు అడిగాడు. అతడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అతడికి పెళ్లై ఏడాది కాలేదు, అత్తవారింట్లో మొదటి సంక్రాంతి అది.

అతడికి అప్పుడు చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను. ఘాట్ ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, బ్రేకు మీద కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాగి సగం దారిలో బ్రేకు పట్టడం మానేస్తుంది. ఇది ప్రతి డ్రైవరుకూ తెలిసిన మాటే. అయితే గేరులో దిగేవాడికి కూడా మలుపు ముందుగా కనబడాలి. చలికాలంలో బ్రేకులను పనిచేయించే గాలి ట్యాంకులలో నీరు చేరి బ్రేకు ఆలస్యంగా అందుతుంది కనుక ఆ కనబడే దూరం ఇంకా ఎక్కువ కావాలి. అన్నిటినీ మించి, పండుగ రాత్రి ఎదురు వచ్చే జీపులు, మోటారు సైకిళ్ల మీద ఉన్నవారు కూడా మన వంటి తొందరలోనే ఉంటారు, కొందరు మద్యం తాగి ఉంటారు. ఇల్లు దగ్గరపడిన కొద్దీ కాలు తనంతట తాను బరువెక్కుతుంది. నాన్నగారితో తిరిగిన వారిలో ఇద్దరు ఈ ఘాట్‌లోనే పోయారు, ఇద్దరూ కిందికి, ఇంటి వైపు వస్తూ పోయినవారే. క్లీనరు ఏమీ అనలేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

అక్కడ బండి పెట్టుకోవడానికి సరైన స్థలం, ఒక దీపం, ఒక మరుగుదొడ్డి లేవు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేయడం మంచి పని, ఎండాకాలంలో అది ప్రాణాలు నిలుపుతుంది. దానితో పాటు ప్రతి ఘాట్‌కూ పైన ఒకటి, కింద ఒకటి బండ్లు ఆగే స్థలాలు కట్టి ఉంటే, నా వంటి వారు ఆగాలా, దిగాలా అని అంతగా తర్కించుకోవలసిన పని ఉండదు.

తెల్లవారి ఏడున్నరకు మంచు పలచబడింది. కుర్రవాడు లేచి, నేను చెప్పకుండానే గాలి ట్యాంకుల నీరు వదిలి, టైర్లు తట్టి చూసి, టార్పాలిన్ మోకులు బిగించాడు. కనుమ నాడు కాకి కూడా కదలదని మా వైపు సామెత. మేము ఆ రోజునే ఘాట్ దిగాము. దిగే దారిలో ఏడో ఎనిమిదో మలుపు దగ్గర ఒక జీపు పిట్టగోడకు ఆనుకుని ఉంది, అందులోని వారు రోడ్డు పక్క చలిమంట వేసుకుని కూర్చున్నారు, అందరూ క్షేమమే. కుర్రవాడు ఆ జీపును చూశాడు, తరువాత నన్ను చూశాడు. సాలూరులో అతడిని బొబ్బిలి వెళ్లే ఆటో ఎక్కించి, పండుగ ఖర్చుకు బత్తాతో పాటు కొంత చేతిలో పెట్టాను.

నేను ఇల్లు చేరేసరికి పదిన్నర. అమ్మ నాన్నగారి పేరున పెట్టిన పంచెను తీసి నా చేతికి ఇచ్చింది. కేశ్‌కాల్ దగ్గర పెట్టిన పంచెను తమ్ముడికి ఇచ్చాను. ఇద్దరమూ అవి కట్టుకుని మినప గారెలతో అన్నానికి కూర్చున్నాము.

14వ తేదీకి చేరి తీరాలన్న ఆ సరుకు ఖాళీ అయింది 18న. మేము 17వ తేదీ రాత్రికే గోదాము ముందు ఉన్నాము గానీ, గేటుకు 13వ తేదీ సాయంత్రం నుంచి తాళం వేసి ఉందని కాపలాదారు చెప్పాడు. హమాలీలందరూ శ్రీకాకుళం జిల్లా పల్లెలవారు, పండుగకు వెళ్లి ఇంకా రాలేదు. వారి కోసం ఎదురుచూస్తూ, అమ్మ కట్టి ఇచ్చిన అరిసెలు కాపలాదారుతో కలిసి తిన్నాము.