బాబాయికి నచ్చని రేడియేటర్

ఇళ్ల ఎలివేషన్లకు త్రీడీ బొమ్మలు చేసివ్వడం నా పని. రెండర్ (కంప్యూటర్ ఆ బొమ్మను లెక్కగట్టి తయారుచేయడం) పెట్టానంటే తెల్లారేదాకా నడవాల్సిందే. విజయవాడ మే నెలలో నా పీసీ ఫ్యాన్లు మిక్సీలో పప్పు రుబ్బినట్టు మోత. "దాన్నైనా ఆపండి, నన్నైనా పుట్టింటికి పంపండి" అని మా ఆవిడ అన్నాక, కస్టమ్ వాటర్ లూప్ (పీసీ వేడిని గొట్టాల్లో తిరిగే నీళ్లతో లాగేసే ఏర్పాటు) వేసేద్దామని తేల్చుకున్నాను.

లోపలున్నది రైజెన్ 5950ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. మొదటిది 142 వాట్ల దాకా లాగుతుంది, రెండోది 320. మొత్తం 460 వాట్ల పైచిలుకు. సగం ఇస్త్రీపెట్టె రాత్రంతా ఆన్‌లో ఉన్నట్టే.

ఒక 360 మి.మీ. రేడియేటర్, ఒక 240 మి.మీ.ది, నీళ్లు తిప్పే డీ5 పంపు, చిప్పుల మీద బిగించి వేడి లాగే రెండు బ్లాకులు, మెత్తటి ట్యూబు తెప్పించాను. గట్టి గొట్టాలు చూడ్డానికి బాగుంటాయి గానీ, వాటిని వేడిచేసి వంచే ఓపిక నాకు లేదు. ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు బాగుచేసే మా బాబాయి వచ్చి, డబ్బా తెరవగానే అడిగిన మొదటి మాట: "ఇది రాగా, అల్యూమినియమా?"

"రాగే బాబాయ్. బ్లాకులూ రాగే, పైన నికెల్ పూత."

"అయితే సరే. రాగి పక్కన అల్యూమినియం పెట్టావో, నీళ్లలో దాన్ని తినేస్తుంది."

ఈ ముక్క కోసం నేను రెండు రాత్రులు చదివాను.

అసలు కష్టం గ్రాఫిక్స్ కార్డు దగ్గర. వేల రూపాయల కార్డు స్క్రూలు విప్పుతుంటే చెయ్యి వణికింది. చిప్పు వేడిని అందించే పాత పేస్టు ఎండిన బంకలా పట్టుకుంది. కొత్త బ్లాకు బిగించి, ఎందుకో అనుమానమొచ్చి మళ్లీ విప్పి చూశాను. చిప్పు మీద ఒక మూల పేస్టు నలగనే లేదు. మెమరీ చిప్పుల మీద 1 మి.మీ. మందం ప్యాడ్ (వేడిని బ్లాకుకు అందించే మెత్తటి ముక్క) ఉండాల్సిన చోట 1.5 పెట్టాను! ఆ అర మిల్లీమీటరే బ్లాకును పైకి లేపేసింది. అలాగే ఆన్ చేసుంటే ఏమయ్యేదో.

లీక్ టెస్టుకు పంపుకు తప్ప దేనికీ కరెంటు ఇవ్వలేదు. 24 పిన్ల ప్లగ్గులో పచ్చ వైరునూ పక్క నల్ల వైరునూ చిన్న తీగతో కలిపితే మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లై ఆన్ అవుతుంది. ప్రతి ఫిట్టింగ్ కిందా టిష్యూ పేపరు పరిచాను. డిస్టిల్డ్ వాటర్ పోయడం, రిజర్వాయర్ (నీళ్ల డబ్బా) ఖాళీ అయ్యేలోపు పంపు ఆపడం, మళ్లీ పోయడం. డీ5 పొడిగా తిరిగితే బేరింగ్ పోతుంది. రాత్రి ఒంటిగంటకి పై రేడియేటర్ కింద టిష్యూ తడిసింది. పట్టకారుతో బలంగా బిగించేసరికి ఓరింగ్ (రబ్బరు వాషరు) నలిగి పక్కకి జరిగింది. పొద్దున్నే బాబాయికి ఫోన్లో చెబితే, "నీళ్లని ఆపాల్సింది వాషరురా, నీ కండలు కాదు" అన్నాడు.

"ఇంకా గుడగుడమంటోంది బాబాయ్."

"ఎయిర్ లాకు. బండిని మెరక మీదకి ఎక్కించి మూత తీస్తాం చూడూ, అలా వంచు."

ముప్పై చిల్లర కిలోల కేబినెట్టును మంచం మీదకి ఒరగేసి, అటూ ఇటూ వంచాను. బుడగలన్నీ ఒక్కసారి రిజర్వాయర్లోకి వచ్చేశాయి.

ఇప్పుడు సంగతి. గది 36 డిగ్రీలుంటే నీళ్లు 46, 47 దగ్గర నిలుస్తున్నాయి. ఏ రేడియేటరూ నీళ్లని గదికంటే చల్లబరచలేదు. కాబట్టి బెజవాడ ఎండలో మంచుగడ్డలా ఉంటుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. కార్డు మాత్రం 80 దాటే చోట 62 దగ్గర ఆగింది. అంతకంటే హాయి, మోత పోవడం. లీటరు నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి, ఫ్యాన్లు కూడా నీటి వేడిని బట్టే తిరుగుతాయి గనక ఉన్నట్టుండి కేకలు పెట్టవు.

మొన్న బాబాయి వచ్చి ట్యూబుల్లోకి టార్చి కొట్టి చూశాడు. "ఇంత ఖర్చు పెట్టి ఆకుపచ్చ కూలెంటు పొయ్యలేదేంరా? మంచినీళ్లలా ఉంది."

రంగులు బ్లాకుల సన్నటి గాడుల్లో పేరుకుంటాయని చెప్పాను. ఒప్పుకోలేదు.