గేమ్ షోల ఆఖరి ఎపిసోడ్లు: వీడ్కోలు దక్కినవి, దక్కనివి

సీరియల్‌కి ముగింపు ఉంటుంది. కథ తేలాలి కాబట్టి రచయిత ఎలాగోలా తేలుస్తాడు. గేమ్ షోకి కథ లేదు. రేపు ఇంకో ఆట, ఎల్లుండి మరో ఆట. మరి అలాంటి షోని ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి?

అమెరికా టీవీలో 1950ల నుంచి 80ల దాకా నడిచిన పాత గేమ్ షోల ఆఖరి ఎపిసోడ్లు వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఏ షోకి మంచి వీడ్కోలు దక్కింది, ఏది చెప్పాపెట్టకుండా మాయమైంది అన్నది హోస్ట్ గొప్పతనం మీద ఆధారపడలేదు, ప్రేక్షకుల అభిమానం మీదా ఆధారపడలేదు. రద్దు కబురు ఎప్పుడు అందింది, ఆ కబురుకీ చివరి టేపింగ్‌కీ మధ్య ఎన్ని రోజులు మిగిలాయి అన్నదే అంతా తేల్చింది.

అన్నీ కలిసొచ్చిన షోతోనే మొదలుపెడతాను. 'వాట్స్ మై లైన్?' సీబీఎస్ నెట్‌వర్క్‌లో 1950 ఫిబ్రవరి 2న మొదలై 1967 సెప్టెంబర్ 3న ముగిసింది. మొత్తం 876 ఎపిసోడ్లు. ఆదివారం రాత్రి పదిన్నరకు న్యూయార్క్ నుంచి ప్రసారమయ్యేది, చాలావరకు లైవ్‌గానే. ఆట చాలా తేలిక. ఒక మనిషి వచ్చి బోర్డు మీద సంతకం పెట్టి కూర్చుంటాడు. అతను ఏం పని చేస్తాడో నలుగురు ప్యానెలిస్టులు అవును, కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలతోనే కనిపెట్టాలి. 'కాదు' అన్నప్పుడల్లా హోస్ట్ ఒక కార్డు తిప్పుతాడు, ఒక్కో కార్డుకు 5 డాలర్లు. పది కార్డులు తిరిగితే ఆట అయిపోయినట్టే, వచ్చినవాడికి 50 డాలర్లు. ప్రతి వారం ఒక మిస్టరీ గెస్ట్ ఉండేవారు. ఎవరో పేరున్నవారు కాబట్టి ప్యానెల్ కళ్లకు గంతలు కట్టుకునేది, వచ్చినవారు గొంతు మార్చి మాట్లాడేవారు.

లైవ్ షోలో ఉన్న గండం ఏమిటంటే, మిస్టరీ గెస్ట్ ఆ రాత్రి రాకపోతే? ట్రాఫిక్‌లో చిక్కుకుంటే? దానికి నిర్మాతలు మొదటి నుంచీ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎవరూ రాని రోజున హోస్ట్ జాన్ డేలీయే మిస్టరీ గెస్ట్‌గా కూర్చుంటాడు. పదిహేడేళ్లపాటు ఆ అవసరం ఒక్కసారి కూడా రాలేదు. రద్దు సంగతి నెలల ముందే తెలుసు కాబట్టి, వాడకుండా దాచిన ఆ ఏర్పాటును ఆఖరి రాత్రికి వాడుకున్నారు. ప్యానెల్‌లో ఆర్లీన్ ఫ్రాన్సిస్, బెనెట్ సెర్ఫ్, మార్టిన్ గేబెల్, స్టీవ్ ఆలెన్. గంతలు కట్టుకున్న నలుగురికీ డేలీ గొంతు మామూలుగా హోస్ట్ కుర్చీ వైపు నుంచే వినిపిస్తోంది, గెస్ట్ గొంతు సన్నగా, వింతగా వస్తోంది. రెండూ ఒక్కరివే. ఒక క్షణం హోస్ట్‌గా, మరుక్షణం గెస్ట్‌గా ఆయనే గొంతు మార్చుకుంటూ నడిపించాడు. గేమ్ షోల ముగింపుల్లో నాకు ఇంతకన్నా పకడ్బందీగా తోచింది ఇంకొకటి లేదు. బయటినుంచి ఏమీ తెచ్చి అతికించలేదు. ఆట నియమాల్లోంచే ముగింపు పుట్టింది.

లైవ్ అయినంత మాత్రాన చాలదు, కబురు కూడా ముందే అందాలి. 'డాటో' అనే షో 1958లో పగటిపూట బాగా ఆడుతున్న లైవ్ షో. షో వాళ్లు ముందే చెప్పిన జవాబులు రాసిన నోట్‌బుక్ ఒక కంటెస్టెంట్ దగ్గర బయటపడింది. ఆగస్టు 15 శుక్రవారం షో ఎప్పటిలాగే వచ్చింది. సోమవారం ఆ టైముకి వేరే షో ఉంది. హోస్ట్ జాక్ నార్జ్‌కి వీడ్కోలు చెప్పే అవకాశమే రాలేదు. ఆ తర్వాత 'ట్వంటీ వన్' అనే మరో క్విజ్ షో కూడా అదే ఏడాది అక్టోబర్‌లో ఆగిపోయింది. 1960లో ముందే ఫలితం కుదుర్చుకున్న క్విజ్‌ని ప్రసారం చేయడం అమెరికాలో చట్టరీత్యా నేరమైంది.

ఇక టేపు కాలం సంగతి. పగటి షోలు వారానికి ఐదు రావాలి. ఐదింటినీ ఒకే రోజు తీసేవారు. సెలబ్రిటీలు ఐదు జతల బట్టలు తెచ్చుకుని, ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య మార్చుకునేవారు. అలా తీసినవి కొన్ని వారాల తర్వాత ప్రసారమయ్యేవి. ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. ఆఖరి వారం టేపింగ్ పూర్తయ్యాక నెట్‌వర్క్ రద్దు చేస్తే, చివర్లో హోస్ట్ 'రేపు కలుద్దాం' అనే అంటాడు. ఆ రేపు రాదు. కబురు టేపింగ్‌కి ముందే అందితే చివరి శుక్రవారం ఎపిసోడ్‌లో రెండు నిమిషాలు మిగిల్చుకుని సిబ్బంది పేర్లు చదవొచ్చు, అందరినీ స్టేజి మీదికి పిలవొచ్చు. ఆ రెండు నిమిషాలు కావాలంటే ఆటలో ఒక రౌండు తగ్గాలి. అరగంట షోలో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే.

దీనికి తోడు ఆట మధ్యలో టైమైపోయే షోలు ఉన్నాయి. కౌన్ బనేగా కరోడ్‌పతి, మీలో ఎవరు కోటీశ్వరుడు చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. హూటర్ మోగితే కంటెస్టెంట్ రోల్ ఓవర్ అయి మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడతాడు. 'జోకర్స్ వైల్డ్', సీబీఎస్‌లో వచ్చిన 'మ్యాచ్ గేమ్' లాంటి షోలూ అలాగే సాగేవి. మామూలు రోజుల్లో ఇది మంచి ఎత్తుగడ, ఆట తేలలేదు కాబట్టి రేపు కూడా చూస్తారు. ఆఖరి రోజున అదే చిక్కు. చివరి ఆట సరిగ్గా ఎపిసోడ్ చివర్లో ముగిసేలా నాలుగైదు రోజుల ముందు నుంచే లెక్క చూసుకోవాలి. ఒక్క టై బ్రేక్ వచ్చినా లెక్క తప్పుతుంది. అప్పుడు ఆటను ఉన్నచోట ఆపి, అప్పటిదాకా గెలిచినది చేతికిచ్చి పంపడం తప్ప దారి లేదు. 'జెపర్డీ!' అనే క్విజ్ లాంటి షోలకు ఈ బెడద లేదు, ప్రతి ఎపిసోడ్‌లో ఆట పూర్తవుతుంది. అయితే పాత జెపర్డీలో ఛాంపియన్ ఐదు రోజుల వరకూ ఆడొచ్చు. ఆఖరి రోజున గెలిచినవారికి ఆ హక్కు మిగిలే ఉంటుంది, ఆడటానికి షో ఉండదు.

ఆ పాత జెపర్డీ ఎన్‌బీసీ నెట్‌వర్క్‌లో 1964 మార్చి 30న మొదలైంది. ఆర్ట్ ఫ్లెమింగ్ హోస్ట్, డాన్ పార్డో అనౌన్సర్. బోర్డు మీద మొదటి రౌండులో 10 నుంచి 50 డాలర్లు, రెండో రౌండులో 20 నుంచి 100. తెరలు లేవు, బోర్డు వెనక మనుషులు నిలబడి కార్డులు లాగేవారు. 1974లో షోని ఉదయం పదిన్నరకు, తర్వాత మధ్యాహ్నం ఒకటిన్నరకు జరిపారు. పగటి షో చూసేవాళ్లు గడియారం ప్రకారం చూస్తారు. టైము మార్చిన ప్రతిసారీ కొందరు జారిపోతారు. 1975 జనవరి 3 శుక్రవారం ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. సోమవారం, అంటే జనవరి 6న, అదే నిర్మాత మెర్వ్ గ్రిఫిన్ తీసిన 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' పగటి షోల వరసలో చేరింది. నిజానికి అప్పటికి జెపర్డీ వారానికోసారి వచ్చే సిండికేటెడ్ రూపంలో, అంటే నెట్‌వర్క్ ద్వారా కాకుండా ఊరూరి స్టేషన్లకు విడిగా అమ్మే రూపంలో, ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి జనవరి 3ని 'ఆఖరి ఎపిసోడ్' అనాలంటే 'ఎన్‌బీసీ పగటి షోకి' అని చేర్చాల్సిందే.

1980 జూన్ 20 శుక్రవారం ఎన్‌బీసీలో ఒకే రోజు మూడు షోలు ముగిశాయి. బిల్ కలెన్ హోస్ట్‌గా 'చెయిన్ రియాక్షన్', అలెక్స్ ట్రెబెక్ హోస్ట్‌గా 'హై రోలర్స్', పీటర్ మార్షల్ హోస్ట్‌గా 'హాలీవుడ్ స్క్వేర్స్'. కారణం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సోమవారం నుంచి హాస్యనటుడు డేవిడ్ లెటర్‌మన్‌తో ఉదయం పూట గంటన్నర షో రావాలి. మూడు అరగంటలు ఖాళీ చేస్తే గంటన్నర వస్తుంది. హాలీవుడ్ స్క్వేర్స్ 1966 అక్టోబర్ నుంచి నడుస్తోంది, మూడు వేల ఎపిసోడ్లు ఎప్పుడో దాటింది. దాని స్థానంలో వచ్చిన లెటర్‌మన్ ఉదయపు షో అక్టోబర్ 24కల్లా ముగిసింది. ఆ వెంటనే ఆ ఖాళీలోకి మళ్లీ గేమ్ షోలే వచ్చాయి.

ఇవన్నీ ఇవాళ చూడగలమా అంటే, చాలావరకు చూడలేం. ఆ రోజుల్లో నెట్‌వర్కులు వాడిన టేపు రెండంగుళాల వెడల్పు క్వాడ్రుప్లెక్స్ (క్లుప్తంగా క్వాడ్), ఆంపెక్స్ కంపెనీ 1956లో తెచ్చినది. సెకనుకు 15 అంగుళాల చొప్పున నడుస్తుంది. గంటకు 4,500 అడుగులు, అంటే దాదాపు 1,370 మీటర్లు. ఒక పగటి షోకి వారానికి రెండున్నర గంటలు, ఏడాదికి 130 గంటలు. అలాంటివి పది షోలుంటే ఏడాదికి 1,300 గంటల టేపు. రీళ్లు బరువైనవి, ఖరీదైనవి, గదులకు గదులు నింపేస్తాయి. పైగా అయస్కాంతపు ఎరేజర్ కింద పెడితే అదే రీలు మళ్లీ కొత్తదాని మాదిరి పనికొస్తుంది. పగటి క్విజ్‌ని మళ్లీ ఎవరు చూస్తారనుకుని చెరిపేశారు. సీబీఎస్ 1970ల మొదట్లోనే ఆ పని మానేసింది. ఏబీసీ ఆ దశాబ్దం చివరికి, ఎన్‌బీసీ 1980 ప్రాంతానికి గానీ మానలేదు. అందుకే ఎన్‌బీసీ షోలకే ఎక్కువ దెబ్బ తగిలింది. ఫ్లెమింగ్ కాలపు జెపర్డీలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. వాటిలో ఆఖరి ఎపిసోడ్ ఒకటి కావడం నిజంగా అదృష్టం.

మిగిలిన రీళ్లను ఆడించడం కూడా తేలిక కాదు. క్వాడ్ మెషీన్‌లో నిమిషానికి 14,400 చుట్లు తిరిగే చక్రం మీద టేపును చదివే నాలుగు హెడ్లు ఉంటాయి. టేపు మీది పూత రాలితే హెడ్లు మూసుకుపోయి బొమ్మ అడ్డచారలుగా విడిపోతుంది. పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చిన రీళ్లయితే నేరుగా ఎక్కించకూడదు. సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, వెంటనే కాపీ చేసుకోవాలి. ఆ లాభం తాత్కాలికమే, మళ్లీ తేమ పడుతుంది.

వాట్స్ మై లైన్ బతికింది వేరే దారిలో. మానిటర్ ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసే కైనెస్కోప్ పద్ధతి అది. వాటిని కూడా నెట్‌వర్క్ మొదట్లో పారేసేది. 1952లో ఆ సంగతి తెలిసి, నిర్మాతలు గుడ్‌సన్, టాడ్‌మన్ ప్రతి ఎపిసోడ్‌కీ ఫిల్మ్ కాపీ కోసం తామే డబ్బు కడతామన్నారు. ఆ ఖర్చు వాళ్లు భరించకపోయి ఉంటే డేలీ రెండు గొంతులు ఇవాళ మనం వినేవాళ్లం కాదు. చివరి సీజన్ రంగుల్లో ప్రసారమైనా మనకు దొరికేది నలుపు తెలుపు ఫిల్మే. అంచులు మెత్తగా కనిపించడం, తెల్లని చొక్కాలు వెలుగులో కరిగిపోయినట్టు ఉండటం కైనెస్కోప్ గుర్తులు.

తర్వాతి కాలంలో జెపర్డీకి హోస్ట్ అయిన ట్రెబెక్ సంగతి వేరు. ఆయన ఆఖరి జెపర్డీ ఎపిసోడ్ 2020 అక్టోబర్ 29న తీశారు. నవంబర్ 8న ఆయన పోయారు. మొదట డిసెంబర్ 25న రావాల్సినదాన్ని, పండగ రోజుల్లో వేరే కార్యక్రమాలు అడ్డొస్తాయని 2021 జనవరి 8కి జరిపారు. మళ్లీ టేపింగ్‌కి వస్తాననే నమ్మకంతో ఉన్న మనిషి కాబట్టి అందులో సెలవు మాటలు లేవు. షో వాళ్లు చివర్లో నివాళి చేర్చారు గానీ ఆటను ముట్టుకోలేదు. అది సరైన పని.

యూట్యూబ్‌లో 'ఫైనల్ ఎపిసోడ్' అని కనిపించే ప్రతిదాన్నీ నమ్మొద్దు. సిండికేటెడ్ షోల టేపులు ఒక స్టేషన్ చూపించాక ఇంకో స్టేషన్‌కి పార్సిల్లో వెళ్లేవి. ఒక ఊళ్లో ఆఖరిది వచ్చిన చాలా వారాలకు గానీ మరో ఊళ్లో రాదు. పైగా ఏడాదికి 39 వారాలు, అంటే 195 కొత్త ఎపిసోడ్లు తీసి, మిగతా వారాలు పాతవే తిప్పడం వాడుక. అందువల్ల చివరగా ప్రసారమైనది, చివరగా తీసినది ఒకటి కాకపోవచ్చు. టేపు మొదట్లో స్లేట్ కనిపిస్తే దాని మీద ఎపిసోడ్ నంబరు, తీసిన తేదీ, ప్రసార తేదీ ఉంటాయి. ముందు నంబరు చూడండి, తర్వాత రెండు తేదీల మధ్య ఎడం చూడండి. రెండు మూడు నెలల ఎడం ఉంటే అందులో వీడ్కోలు మాటలు వినపడకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ రోజు స్టూడియోలో ఉన్నవాళ్లకు రద్దు సంగతి ఇంకా తెలిసి ఉండకపోవచ్చు.