ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కు డొమైన్ మార్పు: గండం మొదటి లాగిన్‌లోనే

కంపెనీ హైదరాబాద్‌లో, మనిషి హన్మకొండలోనో మంచిర్యాలలోనో ఇంట్లో. అలాంటి ల్యాప్‌టాప్‌ను కొత్త డొమైన్‌లో, అంటే ఉద్యోగుల ఐడీలన్నీ ఒకచోట నడిపే కంపెనీ నెట్‌వర్క్‌లో, కలపడం కష్టమేమీ కాదు. గండమంతా రీస్టార్ట్ తర్వాతే. వీపీఎన్ (ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కలవాలంటే ముందు విండోస్‌లోకి వెళ్లాలి, కొత్త ఐడీతో విండోస్‌లోకి వెళ్లాలంటే ముందు వీపీఎన్ కలవాలి. పాత ఐడీ ఇన్నాళ్లూ నెట్ లేకున్నా పనిచేసింది విండోస్ దాన్ని కాష్‌లో, అంటే ల్యాప్‌టాప్‌లోనే, దాచుకోబట్టే. కొత్తదానికి ఆ కాష్ లేదు. డొమైన్ వదిలి రీస్టార్ట్ అయ్యాక పాతదీ చెల్లదు.

అందుకే మొదట లోకల్ అడ్మిన్ ఖాతా, అంటే డొమైన్‌తో పనిలేకుండా ల్యాప్‌టాప్‌లోనే ఉండే అడ్మిన్ ఖాతా. అది డిసేబుల్ అయి ఉండొచ్చు, ల్యాప్స్ (LAPS, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను తనంతట తానే మార్చే మైక్రోసాఫ్ట్ టూల్) దాని పాస్‌వర్డ్ మార్చేసి ఉండొచ్చు. రికార్డులో ఉంది కదా అని వదలొద్దు, డొమైన్ వదలకముందే ఆ ఖాతాతో ఒకసారి నిజంగా లాగిన్ చేయించాలి. వీపీఎన్ ప్రొఫైల్ అందరు యూజర్లకూ కనిపించేలా పెట్టాలి. ఒక్కరి కిందే ఉంటే లోకల్ అడ్మిన్‌కు కనిపించదు, మెషీన్ అక్కడే ఇరుక్కుంటుంది. రిమోట్ సపోర్ట్ టూల్ సర్వీస్‌గా, అంటే ఎవరూ లాగిన్ కాకున్నా, నడవాలి, అప్పుడే రీస్టార్ట్ తర్వాత లాగిన్ స్క్రీన్ మనకు కనిపిస్తుంది.

ఇక డీఎన్ఎస్, అంటే పేరు అడిగితే అడ్రస్ చెప్పే వ్యవస్థ. వీపీఎన్ కలిసినా "డొమైన్ దొరకలేదు" అంటే ముందుగా ఇంటి ఫైబర్ రౌటర్‌ను అనుమానించండి. అది ఐపీవీ6 డీఎన్ఎస్ ఇస్తుంటే పేర్ల ప్రశ్నలు వీపీఎన్ టన్నెల్‌లోంచి కాకుండా బయటికి పోతుంటాయి. ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను సరిచూసే సర్వర్) ఎక్కడుందో చెప్పే ఎస్ఆర్‌వీ రికార్డు అడిగితే తేలిపోతుంది. ఆ సర్వర్ దాకా పోర్టులు 53, 88, 135, 389, 445, 464, వాటితోపాటు ఆర్‌పీసీకి (విండోస్ మెషీన్లు ఒకదానితో ఒకటి పని చేయించుకునే పద్ధతి) 49152 నుంచి 65535 దాకా తెరిచి ఉండాలి. గడియారం 5 నిమిషాలకు మించి తేడా ఉంటే డొమైన్ లాగిన్‌ను సరిచూసే కెర్బెరోస్ ఒప్పుకోదు.

డొమైన్‌లో జాయిన్ అయి రీస్టార్ట్ అయ్యాక లోకల్ అడ్మిన్‌తో వెళ్లి, వీపీఎన్ కలిపి, రన్‌యాజ్ అనే కమాండ్‌తో కొత్త ఐడీ కింద ఒక కమాండ్ విండో తెరిపించండి. అంతే, కాష్ తయారవుతుంది. ఆ తర్వాత సైన్ అవుట్ చేసి కొత్త ఐడీతో వెళ్తే వీపీఎన్ తెగినా పర్వాలేదు. స్విచ్ యూజర్ కన్నా ఈ దారే మంచిది, ఎందుకంటే కొన్ని వీపీఎన్ క్లయింట్లు యూజర్ మారగానే తెగిపోతాయి.

అదే కంప్యూటర్ పేరుతో కొత్త డొమైన్‌లో ముందే ఖాతా ఉండి, దాన్ని వేరొకరు సృష్టించి ఉంటే 2022 అక్టోబర్ అప్‌డేట్ తర్వాత విండోస్ జాయిన్‌ను అడ్డుకోవచ్చు. కారణం విండోస్ డీబగ్ ఫోల్డర్‌లోని నెట్‌సెటప్ లాగ్‌లో రాసి ఉంటుంది.

కొత్త ఐడీకి ఎస్ఐడీ (విండోస్ ఖాతాను గుర్తుపట్టే నంబర్) వేరు కాబట్టి డెస్క్‌టాప్ ఖాళీగా వస్తుంది. ఉద్యోగికి ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఫైళ్లన్నీ పోయాయని గుండె ఆగినంత పనవుతుంది. ఫైళ్లు పాత ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. కానీ క్రోమ్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్లలో దాచిన పాస్‌వర్డ్‌లు పాత ఐడీ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయినవి, కాపీ చేస్తే తెరుచుకోవు. బ్రౌజర్ సింక్ ముందే ఆన్ చేయించండి.

వానాకాలం సాయంత్రాలు ఈ పని పెట్టుకోకండి, కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది. ములుగు వైపు వాళ్లకు మేడారం జాతర వారమూ వద్దు.

పాత డొమైన్‌లోని కంప్యూటర్ ఖాతాను డిసేబుల్ మాత్రమే చేయండి. బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ తాళం) రికవరీ కీ దాని కిందే దాచి ఉండొచ్చు, డిలీట్ చేస్తే దాంతోపాటే పోతుంది. కీ కొత్త డొమైన్‌లో చేరినట్టు కళ్లతో చూశాకే పాత ఖాతా తీసేయాలి.